ప్రాచీన నాణేల సేకరణకు హద్దు గీసుకోవడం

ప్రాచీన నాణేల సేకరణలోకి కొత్తగా అడుగుపెట్టేవారికి మొట్టమొదట ఎదురయ్యే చిక్కు ఆ రంగపు విస్తృతి. క్రీస్తుపూర్వం ఏడో శతాబ్దంలో, నేటి తుర్కియే పశ్చిమ భాగాన ఉండిన లిడియా రాజ్యంలో, బంగారం వెండి సహజంగా కలిసివున్న లోహంతో తయారైన చిన్న బిళ్లల నుంచి క్రీస్తుశకం అయిదో శతాబ్దపు గుప్తుల దీనారాల వరకు లెక్కిస్తేనే వెయ్యేళ్లకు పైబడిన కాలం అవుతుంది. ఆ కాలంలో గ్రీకు నగరాలు, రోమన్ చక్రవర్తులు, పార్థియన్లు, కుషాణులు, శాతవాహనులు, చరిత్రలో పేరు తప్ప మరేమీ మిగలని స్థానిక పాలకులు ముద్రించిన నాణేల రకాలు వేలల్లో ఉన్నాయి. ఏ హద్దూ పెట్టుకోకుండా కంటికి నచ్చినదల్లా కొంటూపోయినవారి పెట్టెలో కొన్నేళ్లకు ఒక రోమన్ వెండి నాణెం, ఒక కుషాణ రాగి నాణెం, రెండు శాతవాహన సీసపు నాణేలు, ఒక గ్రీకు నాణెం చేరతాయి. వాటిలో ప్రతి ఒక్కటీ విడిగా చూస్తే విలువైనదే అయినా, ఒకదాని పక్కన మరొకటి పెట్టినందువల్ల కొత్తగా తెలిసివచ్చేది ఏమీ ఉండదు. ఏ ఒక్క నాణెమూ ఒంటరిగా చెప్పలేని సంగతిని పది నాణేలు కలిసి చెప్పగలిగినప్పుడే వాటికి సేకరణ అనే పేరు తగుతుంది.

హద్దు గీసుకోవడం అనగానే చాలామందికి స్ఫురించేది ఒక రాజవంశాన్నో, ఒక లోహాన్నో, ఒక దేశాన్నో ఎంచుకోవడం. ఈ పద్ధతికి పేరుపొందిన ఉదాహరణ పాశ్చాత్య సేకర్తలలో తరతరాలుగా నడుస్తున్న ‘పన్నెండుగురు సీజర్ల’ సేకరణ: రోమన్ రచయిత సుయిటోనియస్ ఎవరెవరి జీవితచరిత్రలు రాశాడో వారందరివీ, అంటే జూలియస్ సీజర్ మొదలు డొమిషియన్ వరకు ఒక్కొక్కరిదీ ఒక్కో నాణెం చొప్పున సంపాదించడం దాని లక్ష్యం. ఇందులో టైబీరియస్, వెస్పాసియన్‌ల దినారియస్‌లు, అంటే రోమన్ల ప్రామాణిక వెండి నాణేలు, పెద్దగా వెతకకుండానే దొరుకుతాయి గానీ, క్రీ.శ. 69లో మూడు నెలలు మాత్రమే పాలించిన ఓథో దగ్గరకు వచ్చేసరికి నాణేలు అరుదై, ధర చాలామందికి అందనంత ఎత్తుకు పోతుంది. పన్నెండో నాణెం చేతికి రావడంతో జాబితా ముగుస్తుంది, సేకరణ కూడా అక్కడే ఆగిపోతుంది. అలాంటి జాబితా కొత్తవారికి నిగ్రహం నేర్పుతుందన్నది నిజమే అయినా, దాన్ని నింపడానికి డబ్బు ఎంత అవసరమో ఆలోచన అంత అవసరం కాదు. కనుక హద్దును ఒక వర్గంగా గీసుకోవడం కంటే ఒక ప్రశ్నగా గీసుకోవడం మేలు. ఆ ప్రశ్న కూడా నాణేలు జవాబు చెప్పగలిగినదై ఉండాలి.

అవే రోమన్ నాణేలను ఒక ప్రశ్న పెట్టుకొని చూస్తే తేడా ఎంతటిదో తెలుస్తుంది. క్రీ.శ. మొదటి శతాబ్దపు రచయిత ప్లినీ, భారతదేశం ఏ ఏడూ అయిదు కోట్ల సెస్టెర్షియస్‌లకు తగ్గకుండా రోమన్ సామ్రాజ్యపు ధనాన్ని లాగేసుకుంటున్నదని వాపోయాడు. నాలుగు సెస్టెర్షియస్‌లు ఒక దినారియస్‌కు సమానం. మిరియాలకూ ముత్యాలకూ సన్నని వస్త్రాలకూ బదులుగా వచ్చిన ఆ నాణేలు దక్షిణ భారతమంతటా లంకెబిందెల్లో బయటపడుతూనే ఉన్నాయి. నల్గొండ ప్రాంతంలోని అక్కెనపల్లిలో వెయ్యికి పైగా వెండి దినారియస్‌లు ఒకేచోట దొరికాయి. గుంటూరు సీమలోని వినుకొండలో బంగారు నాణేల నిక్షేపం బయటపడింది. తెలుగునాట దొరికిన రోమన్ నాణేలపై పరమేశ్వరీలాల్ గుప్త రాసిన పుస్తకాన్ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1965లో ప్రచురించింది. అలా వచ్చిన నాణేలను ఇక్కడివారు డబ్బుగా వాడారా, వెండి బంగారాల దిమ్మలుగా తూకం వేసుకున్నారా, నగలుగా ధరించారా అన్నది ఇప్పటికీ చర్చనీయాంశమే. 1898లో తమిళనాడులోని పుదుక్కోట్టై సంస్థానంలో దొరికిన 501 బంగారు నాణేలలో అత్యధిక భాగం మీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలితో పెట్టిన గాటు కనిపిస్తుంది. లోపల వేరే లోహం ఉందేమోనని పరీక్షించడానికి పెట్టిన గాటని కొందరూ, ఇకమీదట నాణెంగా చెల్లకుండా చేయడానికి పెట్టినదని మరికొందరూ అన్నారు. మన దేశంలో దొరికిన ఇంకొన్ని రోమన్ నాణేలకు చక్రవర్తి తలకు పైభాగాన దారం దూర్చే రంధ్రాలు ఉన్నాయి. రోమన్ నాణెపు అచ్చును అనుకరిస్తూ, అర్థంకాని అక్షరాలతో, ఇక్కడే తయారైన బంగారు బిళ్లలు కూడా ఉన్నాయి. బజారులో గాటు పడిన నాణేన్నీ రంధ్రం ఉన్న నాణేన్నీ లోపం ఉన్న సరుకుగా లెక్కిస్తారు. ‘రోమన్ నాణెం భారతదేశంలో ఏమైంది’ అనే ప్రశ్న పెట్టుకున్న సేకర్తకు ఆ లోపమే ఆధారం అవుతుంది. ఇతరులు పక్కన పెట్టినది అతనికి తక్కువ ధరకు దక్కుతుంది కూడా.

నాణెం తనంతట తాను సాక్ష్యం చెప్పే సందర్భాల్లో పునర్ముద్రణ అన్నింటికన్నా ఆసక్తికరమైనది. పునర్ముద్రణ అంటే ఒక పాలకుడి నాణేన్ని కరిగించకుండా, దానిమీదనే మరొక పాలకుడి అచ్చు కొట్టి తిరిగి చెలామణిలోకి తేవడం. దీనికి భారతీయ చరిత్రలో అతి పెద్ద ఉదాహరణ 1906లో మహారాష్ట్రలోని నాసిక్ జిల్లా జోగల్‌తంబి గ్రామంలో బయటపడిన నిక్షేపం. అందులోని సుమారు 13,250 వెండి నాణేలు క్షహరాత వంశపు నహపానుడివి. వాటిలో దాదాపు 9,270 నాణేలపై శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రలు వేయించాడు. నహపానుడి నాణెపు బొమ్మ వైపున రాజు ముఖం, చుట్టూ గ్రీకు లిపి ఉంటాయి. బొరుసు వైపున బాణమూ వజ్రాయుధమూ, వాటి చుట్టూ బ్రాహ్మీ, ఖరోష్ఠీ లిపుల్లో అతని పేరూ ఉంటాయి. వాటి మీద శాతకర్ణి టంకశాలలో ఒకవైపు మూడు వంపుల కొండ గుర్తునూ, రెండో వైపు ఉజ్జయిని చిహ్నాన్నీ కొట్టారు. అడ్డంగా నిలువుగా ఉన్న రెండు గీతల చివర్లలో నాలుగు వలయాలున్న గుర్తును నాణెశాస్త్రంలో ఉజ్జయిని చిహ్నం అంటారు. కొత్త ముద్ర ఎంత బలంగా పడినా పాత ముఖపు ముక్కో, గ్రీకు అక్షరాల తునకో అంచుల్లో మిగిలే ఉంటుంది.

గౌతమీపుత్రుడు క్షహరాత వంశాన్ని నిర్మూలించాడని అతని తల్లి గౌతమీ బాలశ్రీ నాసిక్ గుహలో వేయించిన శాసనం చెబుతున్నది. రాజుల ప్రశస్తి శాసనాల్లో అతిశయోక్తి సహజం గనుక ఆ మాటను ఎంతవరకు నమ్మాలన్న సందేహం రావచ్చు. ఓడిన రాజు ధనాగారమే విజేత చేతిలో పడి, వేలకొద్దీ నాణేలుగా మళ్లీ బయటికి వచ్చిందని చూపి జోగల్‌తంబి నిక్షేపం ఆ సందేహాన్ని చాలావరకు తీర్చింది. నహపానుడి కాలనిర్ణయం, శాతవాహనుల కాలనిర్ణయం ఒకదానిమీద ఒకటి ఆధారపడి ఉండటానికి కూడా ఈ నిక్షేపమే ముఖ్య కారణం. ఇలాంటి నాణేలు పది చేరిన సేకరణలో, ఒక్కో దానిమీద పాత ముద్ర ఏ భాగం మిగిలిందో, కొత్త ముద్ర ఏ దిశలో పడిందో, వేసినవారు తొందరలో వేశారో కుదురుగా వేశారో పోల్చి చూడవచ్చు. ఇద్దరు శత్రువుల పేర్లు ఇలా ఒకే వస్తువులో ఇమిడివుండటం అరుదుగా కనిపించే సంగతి.

అయితే నాణెం చెప్పే సంగతులన్నీ దాని మీదనే ఉండవు. అది ఎక్కడ, వేటితో కలిసి దొరికిందన్న సమాచారం పోతే సగం చరిత్ర పోయినట్టే. గోదావరి ఒడ్డున, పూర్వపు కరీంనగర్ జిల్లాలోని కోటిలింగాల దీనికి తెలుగువారికి బాగా తెలిసిన ఉదాహరణ. అక్కడ పైకి తేలిన నాణేలు స్థానికుల చొరవతో శాసన పరిశోధకుడు పి.వి. పరబ్రహ్మశాస్త్రి దృష్టికి వచ్చాయి. గోభద, నారన, కంవాయసిరి, సమగోప అనే, అంతవరకు చరిత్రకు తెలియని స్థానిక పాలకుల పేర్లు వాటివల్ల వెలుగులోకి రాగా, పురాణాలు శాతవాహన వంశానికి ఆద్యుడిగా చెప్పే సిముకుడి పేరు ‘చిముక’ రూపంలో ఉన్న నాణేలు కూడా అక్కడే దొరికాయి. ఆ తర్వాత రాష్ట్ర పురావస్తు శాఖ వి.వి. కృష్ణశాస్త్రి నేతృత్వంలో అక్కడ తవ్వకాలు జరిపింది. శాతవాహనుల తొలి అధికార కేంద్రం పశ్చిమ దక్కనులో కాక తెలంగాణలోనే ఉండివుండవచ్చునన్న వాదానికి బలం చేకూర్చినది ఈ నాణేల మీది అక్షరాలు ఎంతో, అవి దొరికిన చోటు కూడా అంతే. అదే చిముక నాణెం ఏ ఊరిదో తెలియకుండా ఒక వర్తకుడి పళ్లెంలో కనిపించి ఉంటే ఆ వాదానికి తావే ఉండేది కాదు.

దీన్నిబట్టి కొత్త సేకర్త గ్రహించవలసిన సంగతి ఒకటుంది. బజారులో దొరికే ప్రాచీన నాణేలలో అధిక భాగం తమ జన్మస్థలం సంగతి ఎప్పుడో పోగొట్టుకున్నవే కాబట్టి, ‘ఏ నాణెం ఎక్కడ చెలామణి అయింది’ వంటి ప్రశ్నలను వ్యక్తిగత సేకరణ మోయలేదు. వాటికి జవాబు తవ్వకాల నివేదికల్లోనూ, ప్రదర్శనశాలల నిక్షేపాల్లోనూ వెతకాలి. అచ్చు, అక్షరం, తూకం, లోహం, పునర్ముద్రణ, గాటు వంటివి మాత్రం నాణేన్ని విడిచి ఎక్కడికీ పోవు. సేకర్త ప్రశ్న వీటి చుట్టూ తిరిగినప్పుడే అతని డబ్బుకూ శ్రమకూ ఫలితం దక్కుతుంది.

చట్టం కూడా ఇక్కడే ప్రస్తావనకు వస్తుంది. 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం ప్రకారం నూరేళ్లకు తగ్గని వయసున్న నాణెం ప్రతిదీ పురావస్తువే. దాన్ని దేశం దాటించే అధికారం కేంద్ర ప్రభుత్వానికీ, అది అనుమతించిన సంస్థలకూ తప్ప వేరెవరికీ లేదు. పురావస్తువుల వ్యాపారం చేసేవారికి లైసెన్సు తప్పనిసరి. ఇంతకన్నా పాతదైన 1878 నాటి నిక్షేపాల చట్టం, భూమిలో దాగివుండి దొరికిన, పది రూపాయలకు మించిన విలువ గల సొత్తు గురించి కలెక్టరుకు తెలియజేయాలని నిర్దేశిస్తున్నది. పొలం దున్నుతుంటే దొరికిందని ఎవరైనా తెచ్చి అమ్మజూపే నాణేలను కొనడం అందువల్ల చట్టరీత్యా ప్రమాదకరం. అంతకుమించి, ఆ కొనుగోలుతో ఒక నిక్షేపం ముక్కలై, ఎవరికీ తెలియకుండా చెదిరిపోతుంది. అమెరికాలోనో బ్రిటన్‌లోనో స్థిరపడిన తెలుగువారికి 1972 నాటి చట్టం మరో విధంగా వర్తిస్తుంది: తమ దేశంలో జరిగే వేలంలో, ఎప్పుడో భారతదేశం దాటిపోయినట్టు పత్రాలున్న శాతవాహన నాణేన్ని కొనడం ఒక ఎత్తు, సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు బంధువులు ప్రేమగా ఇచ్చిన పాత నాణేన్ని పెట్టెలో వేసుకొని విమానం ఎక్కడం మరొక ఎత్తు. రెండోది చట్టవిరుద్ధమైన ఎగుమతి. ఇచ్చినవారి ప్రేమ దాన్ని సక్రమం చేయదు. రసీదు లేని నాణేన్ని హద్దులోకే రానివ్వకపోవడం, ఏ హద్దు గీసుకున్నా, దానికి మొదటి నియమం కావాలి.

ఈ షరతులన్నింటినీ తట్టుకొని, సాధారణ ఆదాయం ఉన్న తెలుగు సేకర్తకు అనువుగా ఉండే రంగం ఏదని అడిగితే, దక్కను సీసపు, పోటిన్ నాణేలను మించినది కనిపించదు. పోటిన్ అంటే రాగిలో తగరమూ సీసమూ కలిపిన, చూడటానికి బూడిదరంగులో ఉండే మిశ్రమ లోహం. గుప్తుల బంగారు నాణేల అందం ముందు ఇవి వెలవెలబోతాయి. ముక్కలైన అంచులు, మసకబారిన ఏనుగు బొమ్మ, సగం తెగిన అక్షరాలు చూసి చాలామంది వీటిని దాటి వెళ్లిపోతారు. ఆ సగం తెగిన అక్షరాల్లోనే అసలు రుచి ఉంది. శాతవాహన టంకశాలల్లో అచ్చు దిమ్మె కంటే లోహపు బిళ్ల చిన్నదిగా ఉండేది. అందువల్ల అచ్చులో రాజు పేరు పూర్తిగా చెక్కివున్నా, ఏ ఒక్క నాణెం మీదా అది పూర్తిగా పడేది కాదు. ఒకదానిమీద ‘రఞో సిరి’ వరకు, ఇంకొకదానిమీద ‘సాతక’ వరకు, మరొకదానిమీద చివరి అక్షరాలు మాత్రమే కనిపిస్తాయి. ఒకే రకం నాణేలు అయిదారు పక్కపక్కన పెట్టి, ఒకదానిలో లేనిది మరొకదానితో పూరించుకుంటూ పోతేనే పూర్తి పేరు తేలుతుంది. ఇలా చదవడం వల్లనే, మహారాష్ట్రలోని అకోలా ప్రాంతపు తర్హాళ గ్రామంలో 1939లో దొరికిన పోటిన్ నాణేల నిక్షేపం నుంచి కుంభ శాతకర్ణి, కర్ణ శాతకర్ణి, శక శాతకర్ణి అనే, పురాణాల వంశావళుల్లో చోటులేని రాజుల పేర్లు బయటికి వచ్చాయి. అందమైన నాణెం ఒక్కటి ఉన్నవారి కంటే అరిగిన నాణేలు ఆరు ఉన్నవారికి ఎక్కువ తెలిసే రంగం నాణెశాస్త్రంలో ఇంకొకటి ఉందో లేదో.

ఈ రంగంలోనే మరింత ఇరుకైన హద్దులు చాలా ఉన్నాయి. కోస్తాంధ్ర నుంచి తమిళ తీరం వరకు దొరికే, రెండు తెరచాప కొయ్యలున్న ఓడ బొమ్మతో కూడిన సీసపు నాణేలు ఒకప్పుడు యజ్ఞశ్రీ శాతకర్ణివని భావించినా, వాటిలో కొన్నింటిమీది అక్షరాలు వాసిష్ఠీపుత్ర పులుమావి పేరును సూచిస్తున్నాయి. ఓడ నిర్మాణాన్ని గురించి అడిగేవారికీ, అక్షరాలను గురించి అడిగేవారికీ ఇందులో పని ఉంది. మలి శాతవాహనులు రాజు ముఖంతో ముద్రించిన చిన్న వెండి నాణేలపై ఒకవైపు ప్రాకృతమూ, రెండోవైపు ద్రావిడ భాషా రూపమూ ఉండటం భాషాచరిత్రకారులను ఎంతో ఆకర్షించింది. ఆ వెండి నాణేలు అరుదు, ధర ఎక్కువ, నకిలీలు కూడా ఎక్కువ కాబట్టి కొత్తవారు వాటి జోలికి వెంటనే పోకపోవడమే క్షేమం. నాగార్జునకొండ లోయలోని విజయపురిని ఏలిన ఇక్ష్వాకులు శాతవాహనుల సీసపు నాణేల పద్ధతినే కొనసాగించారు. వాటి పరిమాణం మాత్రం బాగా చిన్నదైంది. ఒక రాజ్యం పోయి మరొకటి వచ్చినప్పుడు నాణెంలో ఏది మారింది, ఏది మారలేదు అని అడిగేవారికి ఈ రెండు వంశాల నాణేలూ పక్కపక్కన ఉంటే చాలు. వారి తర్వాతి విష్ణుకుండినుల నాణేల్లో సీసం పోయి రాగి వచ్చింది, ఏనుగు పోయి సింహం నిలిచింది, రెండోవైపున దీపస్తంభాల నడుమ పూర్ణకుంభం వెలసింది.

అసలు ఇంత సీసం శాతవాహనులకు ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్న కూడా చిన్నదేమీ కాదు. భారతదేశంలో రాగిగానీ సీసంగానీ లేవనీ, వాటికోసం అక్కడివారు రత్నాలనూ ముత్యాలనూ మారకంగా ఇస్తారనీ ప్లినీ రాశాడు. ఎర్రసముద్రపు నావికుల కోసం గ్రీకులో రాసిన పెరిప్లస్ అనే గ్రంథం కూడా భరుకచ్ఛం, అంటే నేటి గుజరాత్‌లోని భరూచ్ రేవులో దిగే సరుకుల్లో రాగి, తగరం, సీసాలను చేర్చింది. రాజస్థాన్‌లోని జావర్ వద్ద ప్రాచీన గనులూ, గుంటూరు సీమలోని అగ్నిగుండాల వద్ద సీసపు ఖనిజమూ ఉన్నాయి గనుక ప్లినీ మాటను పూర్తిగా నమ్మడానికి లేదు. ఈ ప్రశ్నకు తుది జవాబు ప్రయోగశాలలు చెప్పవలసిందే అయినా, వేర్వేరు రాజుల సీసపు నాణేల తూకాలను జాగ్రత్తగా నమోదు చేసే సేకర్త, లోహం ఎప్పుడు పుష్కలంగా ఉందో ఎప్పుడు పొదుపుగా వాడారో ఊహించడానికి కొంత సామగ్రి సమకూర్చగలడు.

సీసం మీద మనసు పోనివారికి వేరే దారులు లేకపోలేదు. పశ్చిమ క్షాత్రపుల రెండు గ్రాముల వెండి నాణేలు రూపంలో విసుగు పుట్టించేంత ఒకేరకంగా ఉన్నా, రెండో శతాబ్దపు చివరి భాగం నుంచి రాజు తల వెనుక బ్రాహ్మీ అంకెల్లో శకవర్షం వేయడం వారికి ఆనవాయితీ అయింది, ఆ సంఖ్యకు 78 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. బొరుసు మీద రాజు పేరుతో పాటు అతని తండ్రి పేరు కూడా ఉండటంతో నాణేలతోనే వంశవృక్షం కట్టుకోవచ్చు. బ్రాహ్మీ అంకెలు నేర్చుకోవడానికి ఇంతకు మించిన పాఠ్యపుస్తకం లేదు, ధరలు కూడా అందుబాటులోనే ఉంటాయి. కుషాణ చక్రవర్తి కనిష్కుడి నాణేలపై ఇరాన్ దేశపు అగ్ని, వాయు, చంద్ర దేవతలూ, నానా దేవీ, శివుడిని పోలిన ఓయెషో, బుద్ధుడూ కూడా గ్రీకు లిపిలో రాసిన పేర్లతో కనిపిస్తారు. ఒక రాజు ఇందరు దేవతలను ఎందుకు ఆశ్రయించాడన్నది జీవితకాలం సరిపోని ప్రశ్న. విద్ధాంక నాణేలు, అంటే వెండి రేకు ముక్కలపై సూర్యుడు, చక్రం, చెట్టు, జంతువుల వంటి గుర్తులను విడివిడి ముద్రలతో కొట్టిన, మన దేశపు అతి పురాతన నాణేలు, ఒక్కొక్కటి సుమారు 3.3 గ్రాములు తూగుతాయి. అయిదేసి గుర్తుల కూర్పులను బట్టి పరమేశ్వరీలాల్ గుప్త, హార్డేకర్ అనే నాణెశాస్త్రవేత్తలు వాటిని వందలాది రకాలుగా వర్గీకరించారు. అమరావతిలో దొరికిన ఏడువేలకు పైబడిన విద్ధాంక నాణేల నిక్షేపంపై గుప్త రాసిన గ్రంథం 1963లో హైదరాబాద్ నుంచి వెలువడింది. వీటిమీద రాజు పేరుండదు, అక్షరమే ఉండదు. అది కొందరికి నిరాశ, కొందరికి సవాలు.

ఏ హద్దును ఎంచుకున్నా దానికి పుస్తకాల అండ ఉందో లేదో ముందే చూసుకోవాలి. శాతవాహన, క్షాత్రప నాణేలకు ఇ.జె. రాప్సన్ 1908లో బ్రిటిష్ మ్యూజియం కోసం తయారుచేసిన పట్టిక నేటికీ పునాది. హైదరాబాద్ ప్రదర్శనశాలలోని శాతవాహన నాణేలపై మారేమండ రామారావు పట్టిక, ఐ.కె. శర్మ గ్రంథం దానికి తోడు నిలుస్తాయి. అంతకుముందు, అమరావతి స్తూపశిల్పాలను తవ్వి తీయించిన సర్ వాల్టర్ ఎలియట్, చూపు దాదాపుగా పోయిన వయసులో దక్షిణ భారత నాణేలపై రాసిన పుస్తకం 1880ల మధ్యలో వెలువడింది. మొదటి నాణెం కొనడానికి ముందే ఈ పుస్తకాలలో ఒకటి రెండైనా చదివి, హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర పురావస్తు ప్రదర్శనశాలలోనో, చెన్నై ఎగ్మూరు ప్రదర్శనశాలలోనో అసలైన నాణేలను తీరిగ్గా చూడటం అవసరం. పుస్తకాల ఖర్చు నాణేల ఖర్చును మించిపోతే దిగులు పడనక్కరలేదు, చాలామంది మంచి సేకర్తల లెక్క అలాగే ఉంటుంది.

అసలైన నాణేలు కంటికి అలవాటైతే నకిలీల నుంచి కొంత రక్షణ దొరుకుతుంది. అచ్చు దెబ్బతో ముద్రించవలసిన నాణేన్ని మూసలో పోసి తయారుచేస్తే అంచున సన్నని అతుకు గీతా, ఉపరితలంపై గాలి బుడగల గుంటలూ కనిపిస్తాయి, తూకం కూడా తేడాగా ఉంటుంది; రెండు నాణేల మీద ఒకే గీత, ఒకే చొట్ట, ఒకే చోట ఉంటే అవి రెండూ ఒకే మూస సంతానమని అనుమానించాలి. అయితే సీసపు నాణేల్లో కొన్ని ప్రాచీన కాలంలోనే మూసల్లో పోసినవి. సంగారెడ్డి జిల్లాలోని కొండాపూర్ తవ్వకాల్లో నాణేల మూసలు దొరికాయి. కాబట్టి పోతపోసిన గుర్తు కనిపించిన ప్రతిదాన్నీ నకిలీ అని తోసిపుచ్చడానికి వీలులేదు, ఏ రకం ఎలా తయారైందో తెలిసివుండాలి. ఇరుకైన హద్దు వల్ల కలిగే పెద్ద మేలు కూడా ఇదే: వంద రకాలను పైపైన చూసినవారిని మోసగించడం సులువు, నాలుగు రకాలను నూరేసి సార్లు చూసినవారిని మోసగించడం కష్టం.

లోహాన్ని బట్టి సంరక్షణ మారుతుంది కాబట్టి అది కూడా హద్దు నిర్ణయంలో భాగమే. ఇత్తడి బిందెలకు చేసినట్టు చింతపండు పులుసుతో తోమితే రాగి నాణెం మీది పచ్చని పొరతో పాటు అక్షరాలూ పోతాయి. వందల ఏళ్లపాటు ఏర్పడిన ఆ పొర నాణేన్ని కాపాడేదే గానీ మురికి కాదు. పొడిపొడిగా రాలే లేత పచ్చని మచ్చలు మాత్రం లోహాన్ని తినేసే జబ్బుకు గుర్తు, అలాంటివాటిని మిగతా నాణేలతో కలపకూడదు. సీసానికి శత్రువు కొయ్య: కొన్ని రకాల కలప, అట్టపెట్టెలు విడిచే ఆమ్లపు ఆవిరి తగిలి సీసపు నాణెం తెల్లని పొడిగా మారిపోతుంది, అందుచేత తాతలనాటి టేకుపెట్టె ఎంత అందంగా ఉన్నా అందులో వీటిని దాచరాదు. మెత్తని పీవీసీ సంచులు కూడా కాలక్రమేణా జిగురు విడిచి నాణేలను పాడుచేస్తాయి.

మొదటి పది పన్నెండు నాణేలు చేరేసరికి చాలామంది ప్రశ్న మారిపోతుంది. ఏనుగు బొమ్మల కోసం మొదలుపెట్టినవారు అక్షరాల వైపుకూ, అక్షరాలతో మొదలుపెట్టినవారు తూకాల వైపుకూ మళ్లుతారు; హద్దు ఇలా కదలడం సహజం, అయితే అది ఎటు కదిలిందో తెలియాలంటే రాతపూర్వకమైన ఆధారం ఉండాలి. అందుకోసం ప్రతి నాణేనికీ ఒక సంఖ్య ఇచ్చి, గ్రాములో వందో వంతు వరకు తూకం, మిల్లీమీటర్లలో వ్యాసం, రెండువైపుల ఛాయాచిత్రాలు, కనిపించే అక్షరాలు కనిపించినంత మేరకే, పట్టికలోని ఏ రకంతో సరిపోలుతుందో ఆ వివరం, ఎవరివద్ద ఏ తేదీన ఏ రసీదుపై కొన్నదీ, అంతకుముందు ఎవరి సేకరణలో ఉండేదో తెలిస్తే అదీ ఒక పుస్తకంలో నమోదు చేయాలి. ఊహించి పూరించిన అక్షరాలను వేరే రంగు సిరాతో రాయడం మంచి అలవాటు, ఎందుకంటే పదేళ్ల తర్వాత ఆ నాణేన్ని మళ్లీ చదివేటప్పుడు కంటితో చూసినది ఏదో, మనసు కల్పించినది ఏదో అలా రాసివుంటేగాని విడదీయడం సాధ్యపడదు.